నెత్తిమీది సద్దు

బుడన్‌సాబ్ అంబాసిడర్ బానెట్ మీద కుడి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లోపల ఇంజను తిరుగుతోంది. పక్కన నిలబడిన డ్రైవరు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. కాసేపటికి బుడన్‌సాబ్ కళ్ళు తెరిచి, ఫ్యాను బెల్టు వైపు వేలు చూపించి పక్కకు జరిగాడు. డ్రైవరు దండం పెట్టినంత పని చేశాడు. హిందూపురంలో, పెనుకొండ రోడ్డు మొదట్లో ఉన్న సంజీవప్ప కార్ల షెడ్డులో ఇది రోజూ జరిగే తంతే. బండిలో ఏ మూల ఏ సద్దు వచ్చినా పట్టాలంటే బుడన్‌సాబే పట్టాలని ఊళ్ళో పేరు. నాటువైద్యుడు నాడి చూసినట్టు చూస్తాడని చెప్పుకుంటారు.

ఆ చెయ్యి వెనకున్న సంగతి మాత్రం ఊరికి తెలియదు. రెండేళ్ళ కిందట దానికి ఈ పని లేదు. అప్పుడంతా చెవులే చూసుకునేవి. స్కూటరు వీధి మలుపు తిరగకముందే అది ఎవరి బండో, దాని క్లచ్ ఇంకెన్నాళ్ళు బతుకుతుందో కూర్చున్న చోటినుంచే చెప్పేవాడు. పడుచుతనం నుంచీ రేకుల మీద పడే సుత్తిదెబ్బల మధ్య బతికినందుకు ఆ చెవులు చెప్పాపెట్టకుండా ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదాంట్లో మాటలు బావి అడుగు నుంచి వచ్చినట్టు వస్తాయి. ఎదుటి మనిషి పెదవులు కనిపిస్తే సగం చూసి, సగం విని అర్థం చేసుకుంటాడు. ఆ మనిషి మొహం పక్కకు తిప్పితే ఇక అంతే. దేవుడికి ఎవరినైనా ఆటపట్టించాలని బుద్ధి పుడితే సరిగ్గా వాళ్ళ పొట్టకూటి మీదే చెయ్యి వేస్తాడు కాబోలు.

అప్పటినుంచీ బుడన్‌సాబ్‌కు భయం పట్టుకుంది. బక్కపలచటి మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. తెల్లగడ్డం అంచున ఎప్పుడూ కాస్త నల్లనూనె ఉంటుంది. ఇంటినుంచి షెడ్డుకు వచ్చేటప్పుడు రోడ్డుకు కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కంటికి కనబడేటట్టు నడుస్తాడు. వెనకనుంచి లారీ రాసుకుపోయినప్పుడల్లా ఉలిక్కిపడి రోడ్డు దిగి నిలబడతాడు. అంగట్లో ఎవరైనా రెండోసారి పిలిచినట్టు అనుమానం వస్తే గబగబా వెనక్కి తిరిగి చూస్తాడు. ఎవరైనా నవ్వితే నవ్వుతాడు, తల ఊపితే ఊపుతాడు. ఏమన్నావప్పా అని ఒకసారి అడుగుతాడు, తప్పనిసరైతే రెండోసారి కూడా అడుగుతాడు. మూడోసారి మాత్రం అడగడు. మూడోసారి అడిగినవాణ్ణి జనం ఎట్లా చూస్తారో ఆయనకు తెలుసు.

ఇంట్లో షంషాద్‌బీకి తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయనతో కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మసీదు నుంచి అజాన్ పిలుపు వినబడగానే చేతిలో పని ఆపి, ఆయనకు కనబడే చోటికి వచ్చి, కొంగు నెత్తిమీదికి లాక్కుంటుంది. అది చూసి ఆయన లేచి కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పోతాడు. కూతురు ఫరీన్ అనంతపురంలో నర్సు ట్రైనింగులో ఉంది. ఇంకో ఏడాది నెట్టుకొస్తే చాలు, ఆ పిల్ల కాళ్ళమీద ఆ పిల్ల నిలబడుతుంది. ఈ ఒక్క ఏడాదీ ఎవరికీ తెలియకుండా దాటించు నాయనా అని ఆయన రోజూ నమాజులో అల్లాను అడుగుతున్నాడు.

షెడ్డు గేటు పక్కన ఒక ఇనప స్టూలు ఉంది. దాన్ని చూస్తే ఆయనకు లారీ కంటే ఎక్కువ భయం. వెల్డింగు చేసే హనుమప్పకు నిప్పురవ్వలు చూసి చూసి కళ్ళు పోయాయి. సంజీవప్ప మంచివాడు, పొమ్మనలేదు. ఆ స్టూలు వేసి కూర్చోబెట్టాడు. పొద్దస్తమానం హనుమప్ప దానిమీద కూర్చుని, వచ్చేపోయే బండ్ల వైపు మొహం తిప్పుతుండేవాడు. వచ్చినవాళ్ళంతా అయ్యో పాపం అని, టీ ఇప్పించి పోయేవాళ్ళు. కొన్నాళ్ళకు చిలమత్తూరు నుంచి బిడ్డ వచ్చి తీసుకుపోయింది. మనిషి పోయినా స్టూలు అక్కడే ఉంది. బుడన్‌సాబ్ ఎంత కాళ్ళు నొప్పిపుట్టినా దానిమీద కూర్చోలేదు.

ఈ మధ్యలో ఒక ఆసరా దొరికింది. ఒకరోజు రెండు చేతులకూ పని ఉండి, చెక్కపిడి స్క్రూడ్రైవరును పళ్ళతో పట్టుకుని ఇంజను మీదికి వంగాడు. దాని మొన ఇనుముకు తగిలింది. తలలోపల ఒక్కసారిగా ఇంజను మోగింది. వాల్వుల కటకట, చెయిన్ గరగర, అన్నీ పాత చుట్టాల్లాగా వరసపెట్టి వచ్చాయి. బానెట్ కింద తల పెట్టుకుని ఆయన ఏడ్చాడు. పైకి లేచాక కంట్లో పెట్రోలు పడిందన్నాడు. అప్పటినుంచి చేత్తో కానిది పళ్ళతో పట్టడం అలవాటైంది. సాయబు కొత్త విద్య నేర్చాడని షెడ్డులో నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, అనుమానపడలేదు, అది చాలు.

అంబాసిడర్ వెళ్ళిపోయాక, ఎండ రేకుల మీదికి ఎక్కుతుండగా ఎర్రకారు వచ్చింది.

అది పాతకాలపు స్పోర్ట్స్ కారు. నేలకు ఆనుకుని పోతున్నట్టుంది. రెండే తలుపులు. వెనకసీటు ఉందంటే ఉంది. ముందు దీపాలు స్విచ్ వేస్తే మూత తెరుచుకుని పైకి లేస్తాయి. వాటిలో ఒకటి సగం లేచి, కాసేపు ఆలోచించి, మిగతా సగం లేస్తుంది. నెత్తిమీద నల్లద్దం కిటికీ ఒకటి, మీట నొక్కితే మోటారు మీద వెనక్కి జరుగుతుంది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే దుర్గాప్రసాద్ బెంగళూరులో ముచ్చటపడి కొన్నాడట. కొన్నది మూడో చేతినుంచి. సంజీవప్ప దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, బుడన్‌సాబ్ పక్కన నిలబడి మీసాల కింద ఏదో అన్నాడు. పైన పటారం లోన లొటారం అని అయ్యుంటుంది. ఏ సోకుబండి వచ్చినా ఆయన అనే మాట అదే కాబట్టి బుడన్‌సాబ్ నవ్వాడు.

దుర్గాప్రసాద్ ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ, వివరంగా చెప్పాడు. అట్లా చెప్పేవాళ్ళంటే బుడన్‌సాబ్‌కు ఇష్టం. రోడ్డు బాగుంటే ఏమీ లేదట. గతుకుల్లో పడితే నెత్తిమీద సద్దు. బెంగళూరులో రెండుచోట్ల చూపిస్తే రబ్బరు మార్చారు, బంక పూశారు. వారానికే మళ్ళీ మొదలు.

"నెత్తిమీద ఎవురో కూచోని పళ్ళు కొరుకుతాండారేమో అనిపిస్తాది సాయబూ. పాటలు పెట్టినా అదే ఇనపడతాది. మా యమ్మయితే ఈ కారులో దయ్యముండాదంటాది."

సంజీవప్ప బుడన్‌సాబ్ భుజం మీద చెయ్యి వేశాడు. "మా సాయబు చేత కాకుంటే ఇంగ ఎవురి చేతా కాదు. నువ్వు దిగులుపడొద్దప్పా."

ఆ మాట పెదవుల మీద స్పష్టంగా కనబడింది. బుడన్‌సాబ్ కారు కప్పు వైపు చూశాడు. ఇంజను సద్దు వేరు. దానికి ఒళ్ళుంటుంది, చేతికి తగులుతుంది. నెత్తిమీద అద్దం సన్నగా పళ్ళు కొరికితే అది ఏ చేతికి అందుతుంది? ఇన్నాళ్ళూ దాచినది ఈ ఎర్రకారు బయట పెట్టబోతోందని అనిపించింది. అయినా తల ఊపి ముందుసీట్లో కూర్చున్నాడు.

సద్దు ఎప్పుడు వస్తుందో చూడాలంటే బండిని తోలిచూడాల్సిందే. పెనుకొండ దాకా పోయొద్దామన్నాడు దుర్గాప్రసాద్. కారు ఊరు దాటింది. వేరుశనగ చేలు ఆ ఏడు కూడా వాన లేక పసుపురంగుకు తిరిగి ఉన్నాయి. బుడన్‌సాబ్ చేలు చూడలేదు. రెండు అరచేతులూ ఎత్తి కప్పుకు ఆనించి, కళ్ళు మాత్రం దుర్గాప్రసాద్ మొహం మీద పెట్టాడు. ఇది ఆయన సొంతంగా కనిపెట్టిన ఉపాయం. తనకు వినబడని సద్దు బండివాడికి వినబడుతుంది కదా. వినబడగానే వాడి కనుబొమ్మ ముడిపడుతుంది. మొదటి గతుకులో దుర్గాప్రసాద్ ఎడమ కనుబొమ్మ అదిరింది. బుడన్‌సాబ్ చేతికి ఏమీ తెలియలేదు. మలుపులో మళ్ళీ అదిరింది. ఈసారి ఎడమచేతి కొనవేళ్ళ కింద, ముందువైపు మూలలో, చిన్న వణుకు తెలిసీ తెలియనట్టు తగిలింది.

"ఇప్పుడొచ్చింది గదా?" అన్నాడు బుడన్‌సాబ్.

దుర్గాప్రసాద్ ఆశ్చర్యంగా చూసి తల ఊపాడు. బుడన్‌సాబ్ అరచేతులు దించాడు. కాస్త ధైర్యం వచ్చింది.

దారిలో దుర్గాప్రసాద్ రెండుసార్లు ఏదో మాట్లాడాడు. కళ్ళు రోడ్డు మీద పెట్టి మాట్లాడే మనిషి పెదవులు పక్కనుంచి చూస్తే ఏమీ తెలియదు. రెండుసార్లూ బుడన్‌సాబ్ ఏమన్నావప్పా అని అడిగాడు. రెండోసారి అడిగినప్పుడు దుర్గాప్రసాద్ ఒక్క క్షణం వింతగా చూసినట్టు అనిపించింది.

పెనుకొండ కొండ దగ్గర పడింది. రోడ్డు పక్కన బాబయ్య దర్గా పచ్చజెండా కనబడగానే కారు నెమ్మదించింది. ఆ దారిన పోయే బస్సుల్లో కూడా జనం అక్కడ కిటికీలోంచి చిల్లర విసిరి దండం పెట్టుకుంటారు, అందులో వాళ్ళూ వీళ్ళూ అని లేదు. దుర్గాప్రసాద్ మీట నొక్కాడు. నెత్తిమీద అద్దం వెనక్కి జరిగి ఎండ, గాలి ఒక్కసారిగా లోపలికి పడ్డాయి. సిగరెట్ బూడిద డబ్బాలోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి పైకి విసిరాడు. తర్వాత నవ్వుతూ, వెనకసీటు వైపు చెయ్యి చూపించి, నెత్తిమీదికి చూపించి, మొహం రోడ్డు వైపే ఉంచుకుని, చాలాసేపు ఏదో చెప్పాడు. గాలి మోతలో బావిలోంచి వచ్చే మాటలు కూడా రాలేదు.

అడుగుదామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. ఇది మూడోసారి. వింతగా చూసిన ఆ చూపు గుర్తొచ్చింది. బుడన్‌సాబ్ దుర్గాప్రసాద్ నవ్వినంతసేపు తనూ నవ్వి, అవునవునన్నట్టు తల ఊపాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక దుర్గాప్రసాద్ బజారులో చుట్టాల అంగడికి పోయొస్తానని వెళ్ళాడు. బుడన్‌సాబ్ కారు లోపల కప్పుకు వేసిన గుడ్డను ముందువైపు కొద్దిగా ఊడదీశాడు. అద్దం జరిగే పట్టా కనబడింది. ఆ మూలలోనే ఏదో ఉంది. కానీ అది మోటారు ఆడేటప్పుడు వస్తుందా, అద్దం ఆగినచోట వస్తుందా తేలాలి. స్క్రూడ్రైవరు మొన పట్టాకు ఆనించి, పిడి పళ్ళమధ్య పెట్టుకుని, అద్దాన్ని ముందుకూ వెనక్కూ ఆడించి చూడాలి. పైనుంచి రబ్బరు అంచు చూడడానికి ఒక మనిషి కావాలి. సంజీవప్ప తనే వచ్చి కారు పక్కన నిలబడ్డాడు.

కార్ల షెడ్డులో పని మాట మీద నడుస్తుంది. ఒకడు బండి కింద ఉంటాడు, ఒకడు పైన ఉంటాడు, ఒకడి మొహం ఒకడికి కనబడదు. 'ఆ' అంటే కానియ్యి, 'ఆపు' అంటే ఆపు. అంతకు మించి భాష లేదు. ఈ రెండేళ్ళుగా బుడన్‌సాబ్ ఎప్పుడూ 'ఆపు' అని చెప్పే పక్కనే ఉండేటట్టు చూసుకున్నాడు. వినాల్సిన పక్క ఒక్కసారి కూడా పోలేదు. వయసైనవాడు, పెద్దరికం అనుకున్నారు గాని ఎవరూ ఆలోచించలేదు. ఈరోజు ఆ పక్క మారక తప్పలేదు. నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకున్నవాడు మాట చెప్పలేడు గదా.

సంజీవప్ప వంగి, కిటికీలోంచి మొహం చూపించి అన్నాడు. "నేను చెప్పినప్పుడు ఆపు. సరేనా?"

సరే కాదని చెప్పే అవకాశం అదొక్కటే. బుడన్‌సాబ్ గేటు పక్కనున్న స్టూలు వైపు చూశాడు. తల ఊపాడు.

కళ్ళు మూసుకుని పిడి కొరికిపట్టాడు. మీట నొక్కాడు. మోటారు తల నిండా మోగింది. అద్దం వెనక్కి పోయింది, ముందుకు వచ్చింది. మళ్ళీ వెనక్కి. ముందుమూలలో చిన్నగా, గజ్జె తగిలినట్టు, ఏదో కదిలింది. దొరికిందనుకున్నాడు. ఇంకొక్కసారి చూద్దామని అద్దాన్ని ముందుకు పంపాడు. చివరిదాకా రాకముందే మోటారు బరువెక్కింది. పళ్ళలోకి మెత్తని అడ్డం ఒకటి తగిలింది. ఇదే, ఇక్కడే పట్టేస్తోంది అనుకున్నాడు. సంతోషం వేసింది. పొద్దుటినుంచి మొదటిసారి భయం వదిలింది. మీట మీది వేలు తీయలేదు.

చెంప మీద వెచ్చగా ఏదో పడింది. నూనె అనుకుని తుడుచుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పైన అద్దానికీ చట్రానికీ మధ్య సంజీవప్ప చూపుడువేలు ఉంది. అవతలి వెల్డింగు అంగట్లోంచి మనుషులు పరుగెత్తుకుంటూ వస్తున్నారు. టీకొట్టువాడు గ్లాసులు పడేసి వస్తున్నాడు. రోడ్డు అవతల నిలబడిన ముసలామె కూడా ఇటే చూస్తోంది. అందరికీ వినబడింది. చేతికందే దూరంలో కూర్చున్న తనకొక్కడికే వినబడలేదు. బుడన్‌సాబ్ మీట రెండోవైపు నొక్కాడు. అద్దం తన ధోరణిలో నెమ్మదిగా వెనక్కి జరిగింది. అంత నెమ్మదిగా జరిగే అద్దాన్ని ఆయన జన్మలో చూడలేదు.

సంజీవప్ప తిట్టలేదు. ఇంకో చేత్తో ఆ వేలు పట్టుకుని, పెదవులు బిగబట్టి, ఎవరో తెచ్చిన మోపెడ్ వెనక కూర్చుని ఆసుపత్రికి పోయాడు. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి బుడన్‌సాబ్‌ను ఏదేదో అడిగారు. ఆయన ఎవరి పెదవులూ చూడలేదు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టని వాళ్ళలో ఒకడు నవ్వుతూ అన్నాడు. అన్నవాడికి ఆ మాట నిజమని తెలియదు, అనిపించుకున్నవాడికి అన్నట్టే తెలియదు.

అందరూ వెళ్ళాక తడిగుడ్డతో సీటు తుడిచాడు. సీటు అంచున రూపాయి బిళ్ళ ఒకటి పడి ఉంది. దానికీ నెత్తురంటింది. పట్టా పక్కన, వాననీళ్ళు పోయే సన్నటి కాలవలో దాని అంచు ఒరుసుకున్న గీత మెరుస్తోంది. అద్దం వెనక్కి పోయినప్పుడు సంజీవప్పకు అది కనబడింది. తీద్దామని ఆపు అని చెప్పి వేలు పెట్టాడు. చెప్పాడు కాబట్టి ఆగుతుందనుకున్నాడు. ఇన్నేళ్ళలో బుడన్‌సాబ్ ఏనాడూ ఆపమంటే ఆపకుండా ఉండలేదు.

బిళ్ళను అరచేతిలో పెట్టుకుని ఆయన అట్లాగే చూశాడు. ఇన్నాళ్ళూ పడ్డ భయం వేరు. అది లోకానికి తెలుస్తుందేమోనన్న భయం, తన బువ్వ పోతుందేమోనన్న భయం. ఇప్పుడు తన చేతిని చూస్తేనే భయమేస్తోంది. వేలు కాబట్టి సరిపోయింది. రేపు జాకీ దించేటప్పుడు బండి కింద మనిషి ఉంటే?

పొద్దు వాలుతుండగా సంజీవప్ప వచ్చాడు. చూపుడువేలు అరటిపువ్వంత కట్టుతో ఉంది. కొన ఎముక విరిగిందట, గోరు పోయిందట, మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేరట. ఆయన వెనకే దుర్గాప్రసాద్ కూడా వచ్చాడు. కట్టు చూసి కంగారుపడి, ఏమైందని అడిగి, బుడన్‌సాబ్ చేతిలో బిళ్ళ చూడగానే తల పట్టుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా, వెలుతురులో నిలబడ్డారు. ఆ రోజంతటికీ బుడన్‌సాబ్‌కు ప్రతి మాటా తెలిసింది అప్పుడే.

"పొద్దున్నే చెప్తినే సాయబుకు. మా యమ్మ వెనక సీట్లో కూచుంటాది, వెనక అద్దాలు దిగవు. జెండా కాడికొస్తే నెత్తిమీద కిటికీ తీపించి చిల్లర పైకి ఇసురుతాది. గాలికి బిళ్ళ మళ్లీ లోపలే యాడన్నా పడుంటాదేమో చూడు అంటి. సాయబు అవునవునన్యాడు."

సంజీవప్ప తల తిప్పి బుడన్‌సాబ్ వైపు చూశాడు. కోపంగా చూడలేదు. పొద్దుటినుంచి, ఇంకా వెనక్కి, రెండేళ్ళ వెనక్కి ఒక్కొక్కటే వెతుక్కుంటున్నట్టు చూశాడు. బానెట్ మీది చెయ్యి. పళ్ళమధ్య పిడి. ఎప్పుడూ 'ఆపు' అని చెప్పే పక్కనే నిలబడడం. ఆ చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో బుడన్‌సాబ్‌కు తెలుస్తూనే ఉంది. దాక్కోవడానికి చోటు లేదు.

సంజీవప్ప దుర్గాప్రసాద్ వైపు తిరిగాడు.

"నాతో చెప్పినాడులేప్పా. బిళ్ళ ఉంటాది, చెయ్యి పెట్టొద్దు అన్యాడు. నేనే మర్సిపోయి పెడ్తి."

ఆ మాట అంటున్నప్పుడు మొహం బుడన్‌సాబ్‌కు కనబడేటట్టే పెట్టాడు. కావాలనే పెట్టాడు.

దుర్గాప్రసాద్ బండి తీసుకుని ఒక చుట్టు తిరిగి వచ్చాడు. కనుబొమ్మలు రెండూ నిమ్మళంగా ఉన్నాయి. సద్దు పోయిందని వేరే చెప్పక్కర్లేదు. ఆ బిళ్ళను కడిగి, బాబయ్యది బాబయ్యకే వేస్తానని జేబులో పెట్టుకుని, సంజీవప్పకు మళ్ళీ మళ్ళీ జాగ్రత్తలు చెప్పి, ధర్మవరం వెళ్ళిపోయాడు. వెనకదీపాలు మలుపు తిరిగేదాకా బుడన్‌సాబ్ చూస్తూ నిలబడ్డాడు.

సంజీవప్ప నిలబడే ఓపిక లేక గేటు పక్కనున్న ఇనప స్టూలు మీద కూర్చున్నాడు. బుడన్‌సాబ్‌ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఇప్పుడు పెదవులు నెమ్మదిగా, విడివిడిగా కదిలిస్తున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు.

"రేపు ఎప్పుడూ వచ్చినట్టే రా. పని చేసేది ఏమొద్దు. ఊరికే కూచో. నువ్వుండావంటే చాలు, బండ్లు వస్తాయి."

కూర్చోవడానికి అక్కడ ఉన్నది ఆ ఒక్క స్టూలే. మంచితనానికి కోపం తెచ్చుకోలేం, అదే దాంతో చిక్కు. ఈ మనిషి ఈరోజు వేలు నలగ్గొట్టుకుని, పైన అబద్ధం కూడా మోశాడు. తను వస్తే రేపూ మోస్తాడు, ఎల్లుండీ మోస్తాడు. మొయ్యలేనిది ఒకరోజు రానే వస్తుంది.

"నాకు నా చెయ్యంటేనే భయమైతాంది సంజీవప్పా," అన్నాడు బుడన్‌సాబ్.

సంజీవప్ప మొహం పక్కకు తిప్పుకున్నాడు. రోడ్డు వైపు చూస్తూ ఏదో అన్నాడు. దవడ కదలడం కనబడింది. చాలాసేపే మాట్లాడాడు. బుడన్‌సాబ్ ఏమన్నావని అడగలేదు. ఆయన ముగించేదాకా నిలబడి, కట్టులేని చేతిని రెండు చేతులతో పట్టుకుని, వదిలేశాడు.

లోపలికి వెళ్ళి బోల్టులు విప్పే పానాలు తుడిచి పెట్టెలో సర్దాడు. సబ్బుతో చేతులు మోచేతులదాకా కడుక్కున్నాడు. టిఫిన్ క్యారియరు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ స్క్రూడ్రైవరును గుడ్డతో తుడిచి గోడమేకుకు తగిలించాడు. అది షెడ్డుదే, ఆయన సొంతం కాదు.

దారిలో చిలమత్తూరు వైపు తిరిగే చోట పంక్చరు కొట్టు ముందు కాసేపు ఆగాడు. కొట్టువాడు గాలికొట్టిన ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. చిల్లు ఉన్నచోట బుడగలు వరసగా పైకి వచ్చాయి. ఆ పనికి చెవులు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ఎవరి వేలూ నలగదు. చూస్తూ చూస్తూ అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు. ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో షంషాద్‌బీ నెత్తిన కొంగు వేసుకుని ఎదురుచూస్తోంది.

మర్నాడు బుడన్‌సాబ్ షెడ్డుకు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. బండ్లవాళ్ళు వచ్చి సాయబు యాడికి పోయినాడని అడిగితే, ఊరికి పోయినాడని సంజీవప్ప చెప్పేవాడు. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. వేలికి కట్టు విప్పాక, ఆ చేత్తో ఏది పట్టుకున్నా జారిపోతోందని, సంజీవప్ప తన పనిముట్లన్నీ షెడ్డులో చేరిన కొత్తవాళ్ళకు పంచాడు. గోడమేకు మీదిది మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. దాని చెక్కపిడి అంతా నూనె తాగి నల్లబడింది. ఈ పక్కా ఆ పక్కా పడిన పంటిగాట్ల లోపల మాత్రం చెక్క ఇంకా తెల్లగానే ఉంది.